రాజహంస కారుకి సర్కారీ బాబాయి

సెకండ్‌హ్యాండ్ కారు కొనడానికి మనవాళ్లలో ఎవరూ ఒంటరిగా వెళ్లరు. వెంట ఒక బాబాయి ఉంటాడు. ఆయన సొంత బాబాయే కానక్కర్లేదు. మేనమామ కావచ్చు, బావమరిది కావచ్చు, పక్కింటాయన కావచ్చు. కార్ల గురించి ఆయనకు తెలిసి ఉండాలన్న నియమమూ లేదు. ముందు చక్రాన్ని ఓ తన్ను తన్నాలి. తలుపు ధబ్బున వేసి, తల ఓ పక్కకు వంచి, ఆ చప్పుడు వినాలి. బానెట్ ఎత్తించి, లోపలికి కాసేపు గంభీరంగా చూసి "ఊఁ" అనాలి. చివరికి "నీకెవరు చెప్పారయ్యా ఈ బండి కొనమని?" అని అడగాలి. ఆ పైన కొన్నవాడి అదృష్టం, అమ్మినవాడి అదృష్టం.

ఇన్నాళ్లూ ఎవరి బాబాయి చేత వాళ్లు ఈ పని చేయించుకుని, ఓ కప్పు కాఫీతో సరిపెట్టుకుంటూ వచ్చారు. ఈ సంగతి రాజధానిలో జరిగిన ఒక సెమినార్‌లో బయటపడింది. పాత కార్లు కొని మోసపోనివాళ్లను పిలిచి విచారిస్తే, ప్రతి ఒక్కరి వెంటా ఆ రోజు ఒక బాబాయి ఉన్నట్టు తేలింది. మోసపోయినవాళ్ల వెంట కూడా ఉన్నాడేమోనని ఎవరూ అడగలేదు, వాళ్లను సెమినార్‌కి పిలవలేదు కాబట్టి. ఇంత కీలకమైన సేవ ప్రైవేటు బాబాయిల చేతుల్లో ఉండిపోవడం ప్రజాక్షేమానికి మంచిది కాదని ప్రభుత్వం భావించింది. అందులోనూ కంపెనీ తయారీ ఆపేసిన మోడళ్లంటే మరీ ప్రమాదం. వెళ్లి అడుగుదామంటే షోరూమ్ కూడా ఉండదు. అలా పుట్టింది నిలిచిపోయిన మోడళ్ల మూల్యాంకన మండలి. ఆ మండలి కడుపున పుట్టింది అధీకృత బాబాయి అనే ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. కార్ల గురించి తెలిసినవాళ్లను మొదటి వడపోతలోనే తీసేశారు. నిజమైన బాబాయికి ఆ లక్షణం ఉండదని నిపుణుల కమిటీ తేల్చింది మరి.

ఇదంతా చిలకలూరిపేటలో నాదస్వరం వాయించుకునే నూర్‌బాషా సైదులుకు తెలియదు. అతనికి తెలిసిందల్లా తనకు కారు కావాలని. అదీ ఈ మాఘమాసం ముహూర్తాల లోపల కావాలని.

ఎందుకంటే పోయిన శ్రావణంలో ఒక పెళ్లికి వెళుతుండగా మొదటి బస్సు దారిలో ఆగిపోయింది. సైదులూ, డోలు వాయించే బ్రహ్మయ్యా, శ్రుతిపెట్టె పట్టే కాశిం బాబాయీ ఎలాగో పెళ్లివారింటికి చేరేసరికి జనం భోజనాలు చేసి చేతులు కడుక్కుంటున్నారు. "గట్టిమేళం, గట్టిమేళం" అని పురోహితుడు గొంతు చించుకుంటే, మేళం లేక, పెళ్లికూతురి పెదనాన్న స్టీలు పళ్లెం మీద గరిటెతో వాయించాడట. సైదులు తాతా, తండ్రీ వాయించిన పెళ్లిళ్లలో తాళి ఏనాడూ గరిటె చప్పుడుకి పడలేదు. ఆ రోజు సైదులు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. వారం తిరక్కుండా చుట్టుపక్కల ఊళ్లన్నిటా వాళ్లకు గరిటె మేళం అని పేరు స్థిరపడింది. పిలుపులు ఆగిపోయాయి. దసరా వెళ్లాక వచ్చింది ఒక్కటే పిలుపు, మాఘంలో పొన్నూరు దగ్గరి పల్లెలో పెళ్లి. ముహూర్తం సూర్యోదయానికి. ఆ వేళకు ఆ ఊరికి బస్సు లేదు. ఈసారి కూడా ఆలస్యమైతే నాదస్వరాన్ని పెట్టెలో పెట్టి మూత వేసుకోవడమే.

చిన్న కారులో డోలు పడితే బ్రహ్మయ్య పట్టడు. బ్రహ్మయ్య పడితే డోలు పట్టదు. పెద్ద కారు మాట ఎత్తే తాహతు లేదు. అందుకని నరసరావుపేటలో పశువుల డాక్టరుగా చేసి రిటైరైన వీరభద్రం గారి రాజహంస మీద సైదులు కన్ను పడింది. మీగడ రంగు, మధ్యతరహా కారు. కంపెనీవాళ్లు ఆ మోడల్ ఆపేసి చాలాకాలమైంది. వెనక సీటు ఎంత విశాలమంటే డాక్టరు గారు అవసరానికి దాంట్లో దూడల్ని కూడా ఎక్కించారు.

చూడ్డానికి సైదులు వెంట కాశిం బాబాయి వెళ్లాడు. ఆయన టైరును తన్నాడు, తలుపు వేసి విన్నాడు, బానెట్‌లోకి చూసి "ఊఁ" అన్నాడు.

"ఎట్టా ఉంది బాబాయ్?" అన్నాడు సైదులు.

"కంపెనీవోడే ఒదిలేసిన బండిని నువ్వు పట్టుకుంటానంటున్నావు. నీకెవరు చెప్పార్రా ఇది కొనమని? సరే, ఇంజను ఇంజనులాగే ఉందిలే. తలుపులు చూసుకో. ఎప్పటికైనా తలుపుల దగ్గరే వస్తది."

అంటే కొనుక్కోమని అర్థం. డాక్టరు గారు కాఫీ ఇప్పించారు, మాట ఖాయమైంది. బండిని తన పేరుకు మార్పించుకోవడానికి రవాణా ఆఫీసుకు వెళితే అక్కడి గుమస్తా, నిలిచిపోయిన మోడల్ కాబట్టి ముందు మండలి ధ్రువపత్రం తెమ్మన్నాడు.

మండలి డిప్యూటీ డైరెక్టరు చిదానందమూర్తి గారి గదిలో అడుగు పెట్టగానే సైదులుకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మాఘంలో మేళం మాట్లాడుకున్న పెళ్లికూతురి తండ్రి ఈయనే. తాంబూలాల నాడు చూశాడు. వంక పెట్టడానికి వీల్లేని మనిషనీ, ఆఫీసు పెన్నుతో ఇంటి చిరునామా కూడా రాయడనీ అప్పుడే అందరూ చెప్పుకున్నారు.

"కూర్చోండి. కూర్చునే ముందు చెప్పండి. తమరితో వచ్చిన ఈ వ్యక్తి ఎవరు?" అన్నారు మూర్తి గారు.

"మా బాబాయండీ. మా నాన్న తమ్ముడు."

"నేను బంధుత్వం అడగలేదు. అధీకృతమా, అనధికారమా?"

కాశిం బాబాయి కలగజేసుకున్నాడు. "వీడు పుట్టిన కాణ్ణించీ నన్ను బాబాయనే పిలుస్తున్నాడండీ."

"అనగా ఉల్లంఘన అప్పటి నుండి జరుగుచున్నదన్న మాట." మూర్తి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "సదరు వాహనము యొక్క చక్రమును మీరు తన్నితిరా?"

"తన్నకుండా కొంటారా ఎవురన్నా?"

"లైసెన్సు లేని తన్ను. నిబంధన నాలుగు ప్రకారం ఇది శిక్షార్హము. మొదటి తప్పుగా భావించి హెచ్చరికతో వదిలివేయుచున్నాను. ఇకపై ఈ వాహనం గురించి మీరు అభిప్రాయము కలిగి ఉండరాదు."

కాశిం బాబాయికి డెబ్భై ఏళ్లు. అభిప్రాయం లేకుండా ఒక్క పూట కూడా గడిపి ఎరగడు. ఏదో అనబోయి, సైదులు మొహం చూసి, బయటికి వెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాడు. అక్కడ ఆ వేపచెట్టు గురించి ఒక అభిప్రాయం చెప్పి తేలికపడ్డాడు.

"అయ్యా, తమ అమ్మాయి గారి పెళ్లికి మేళం మాదేనండీ," అన్నాడు సైదులు మెల్లగా. "ఆ బండి వస్తేనే వేళకి అందుకోగలం. తమరు ఒక్క చూపు చూస్తే..."

మూర్తి గారి మొహం ఎర్రబడింది. "మన మధ్య ఇటువంటి సంబంధం ఉన్నందువల్లనే నేను రెట్టింపు కఠినంగా ఉండవలసి యున్నది. లేనిచో పక్షపాతమందురు. ఇతరులకు ఒకసారి చేసే పరీక్ష తమరికి రెండుసార్లు చేయబడును. ఇది తమరి అదృష్టముగా భావించండి."

సైదులు తన అదృష్టాన్ని తలుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. రాజహంసను మండలి ఆవరణలోకి తోలించి, సీలు వేశారు.

సైదులుకు కేటాయించిన బాబాయి పేరు పానకాలరావు, గ్రేడు రెండు. బక్కపల్చని మనిషి. చొక్కాకు ఇత్తడి బిళ్ల. దాని మీద ప్రభుత్వ చిహ్నం, కింద అధీకృత బాబాయి అని అక్షరాలు. రాగానే చుట్టూ చూసి, బొటనవేలుతో మీసం దువ్వి, పాఠం అప్పగించినట్టు అన్నాడు.

"ఏమిరా అబ్బాయీ, బాగున్నావా? పిల్లలు చదువుకుంటున్నారా?"

"బాగున్నానండీ," అన్నాడు సైదులు.

"అండీ అనకూడదు. బాబాయ్ అనాలి. నువ్వు అనకపోతే నా మాటకు విలువ రాదని మాన్యువల్‌లో ఉంది." కాస్త గొంతు తగ్గించాడు. "ఏమనుకోకు నాయనా. ఉద్యోగం."

ఇక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది. ఒక మతం బాబాయిని ఇంకో మతం అబ్బాయికి కేటాయించవచ్చునా అని పై ఆఫీసుకు రాశారు. చిలకలూరిపేటలో గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్లందరూ పుట్టుక నుంచీ బాబాయ్, పిన్నీ, వదినా అనే పిలుచుకుంటారని సైదులు ఎంత చెప్పినా, అవి అనధికార పిలుపులన్నారు. పై నుంచి జవాబు వచ్చేదాకా పానకాలరావు సైదులును తాత్కాలిక ప్రాతిపదికన అబ్బాయి అన్నాడు.

ముందు టైరు పరీక్ష. మండలివాళ్లు తన్నడానికి ఇనుప ముక్కు ఉన్న బూట్లు ఇచ్చారు. పానకాలరావు బక్కవాడు కాబట్టి తన్ను చాలలేదని రాసి, గ్రేడు ఒకటి బాబాయిని పిలిపించి తన్నించారు. రెట్టింపు కఠినత్వం కాబట్టి నాలుగు చక్రాలనూ రెండోసారి తన్నించారు. స్టెప్నీని డిక్కీలోంచి బయటికి తీసి, నిలబెట్టి తన్నబోతే అది దొర్లిపోయింది. దాన్ని ఆవరణంతా తరిమి పట్టుకుని, సహకరించని టైరుగా నమోదు చేశారు.

తర్వాత తలుపు పరీక్ష. అసలు కథ ఇక్కడుంది. తలుపు వేసినప్పుడు వచ్చే ధబ్బు సరైన ధబ్బేనా కాదా అని తేల్చాలంటే, అదే మోడల్ కొత్త బండి ధబ్బుతో పోల్చాలి. రాజహంస తయారీ ఆగిపోయింది కాబట్టి కొత్త ధబ్బు ఈ భూమ్మీద ఎక్కడా దొరకదు. దీని మీద మూర్తి గారు ఒక పూటంతా ఆలోచించి, నాలుగు తలుపుల్నీ ఒకదానితో ఒకటి పోల్చమని ఉత్తర్వు ఇచ్చారు. పానకాలరావు ఒక తలుపు వేసి, తల వంచి విని, పరుగెత్తుకెళ్లి రెండో తలుపు వేసి, మొదటిది మర్చిపోయి, మళ్లీ వెనక్కి పరుగెత్తుకొచ్చి వేసేవాడు. అతను విన్నదాన్ని గ్రేడు ఒకటి వినాలి. గ్రేడు ఒకటి విన్నదాన్ని మూర్తి గారు వినాలి. మూర్తి గారు వినడానికి వచ్చేసరికి రోడ్డు మీద లారీ వెళ్లేది. లారీ వెళ్లాక మళ్లీ మొదట్నుంచి. ఆవరణ పక్కనున్న స్కూలువాళ్లు ఆ వారం రోజులూ కొండ పేలుస్తున్నారనుకున్నారు.

డాక్టరు వీరభద్రం గారు బండిని చూసి పోదామని వచ్చి, తలుపు పరీక్ష చూసి, చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు.

"అయ్యో, గొడ్డునైనా ఇట్టా బాదరు కదయ్యా! దానికి నోరు లేదనా? ఇట్టా కొడితే ఏ గేదె మాత్రం పాలిస్తుంది?"

"తమరు భావోద్వేగానికి లోనగుచున్నారు," అన్నారు మూర్తి గారు. "ఇది కొనుగోలుదారుల శ్రేయస్సు కోసం."

సైదులు లోపల ఉడికిపోతున్నాడు. బండి తనది కాదు, డాక్టరు గారిదీ కాదు. ఇద్దరికీ మధ్యన నిలబెట్టి దాన్ని చావగొడుతున్నారు. ఈ లోపల పుష్యం వెళ్లిపోయింది. పెళ్లి వారంలోకి వచ్చింది.

ఆఖరికి నివేదిక తయారైంది. మూర్తి గారు చదివి, బల్ల మీద పడేశారు.

"ఇందులో లోపము ఏది?"

"లోపం కనపళ్లేదండీ," అన్నాడు పానకాలరావు. "ఇంజను బాగుంది. బ్రేకులు బాగున్నాయి. తలుపులు ఇన్నిసార్లు వేసినా ఇంకా పడుతున్నాయి."

"పానకాలరావు గారూ, లోపం కనిపెట్టని బాబాయిని తమరు ఎక్కడైనా చూచితిరా? లోపం లేదన్నచో బండి మంచిదని కాదు. బాబాయి పని చేయలేదని అర్థం. మాన్యువల్ ప్రకారం కనీసము ఒక లోపము ఉన్న బండికి మాత్రమే యోగ్యతా పత్రం ఇవ్వబడును."

"అంటే బండి బాగుంటే ఇవ్వరా అండీ?" అన్నాడు సైదులు.

"బాగున్న బండి అనుమానాస్పదము."

సైదులుకు ఓపిక అయిపోయింది. అక్కడే ఒక పొరపాటు మాట జారాడు. "అయ్యా, లోపం ఉన్నా లేకపోయినా ఆ బండి నాకు నచ్చిందండీ. నేను కొనుక్కుంటాను."

మూర్తి గారు మాన్యువల్ తెరిచారు. కొనేవాడు బాబాయి నివేదిక పూర్తికాక ముందే బండి నచ్చిందని ప్రకటిస్తే, బాబాయి మాటను కాదన్నట్టు లెక్క. మాట కాదంటే బాబాయి అలగాలి. నిజమైన బాబాయిలు అలుగుతారని సెమినార్‌లో రుజువైంది.

"పానకాలరావు గారికి ఈ క్షణం నుండి అలక సెలవు మంజూరు చేయబడినది. అలక తీరు వరకు ఫైలు కదలరాదు."

"నాకు అలక రాలేదండీ," అన్నాడు పానకాలరావు బిక్కమొహంతో. "అబ్బాయి మంచివాడండీ."

"తమరికి వచ్చినా రాకపోయినా, రూలు ప్రకారం వచ్చినది. ఇంటికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకోండి. కొనుగోలుదారుడు పళ్లతో వచ్చి బతిమాలవలెను. బతిమాలుట హృదయపూర్వకముగా జరిగినదని గెజిటెడ్ అధికారి సంతకం చేయవలెను. నేను రేపటి నుండి పెళ్లి సెలవులో ఉన్నాను. ఆ తర్వాత వచ్చి చూచెదను."

"మీ అమ్మాయి పెళ్లికే కదండీ నేను రావాల్సింది!" అన్నాడు సైదులు.

"అందుకే నేను ఈ విషయంలో జోక్యం చేసుకొనలేను," అని మూర్తి గారు లేచారు. ఆయన నిజాయితీకి ఆయన కళ్లే చెమర్చాయి.

మర్నాడు సైదులు అరటిపళ్లు పట్టుకుని పానకాలరావు ఇంటికి వెళ్లాడు. పానకాలరావు నిజంగానే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రూలుకు భయపడి. ఆయన భార్య మాణిక్యమ్మ స్టూలు వేసి కాఫీ ఇచ్చింది.

"నిన్నటి కాణ్ణించీ అట్టాగే పడున్నాడయ్యా. అన్నం పెడితే అలక మీద ఉన్నాను, తినకూడదేమో, పుస్తకం చూడాలి అంటన్నాడు. నువ్వన్నా చెప్పు."

సైదులు మంచం అంచున కూర్చున్నాడు. బతిమాలడానికి మాటలు సిద్ధం చేసుకునే వచ్చాడు. తీరా నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు. గరిటె సంగతి వచ్చింది. తాత సంగతి వచ్చింది. పిల్లలు బళ్లో తన కొడుకును గరిటె అని పిలుస్తున్న సంగతి వచ్చింది. అదంతా గోడకే చెప్పాడు, పానకాలరావు మొహం అటు ఉంది కాబట్టి. చెప్పి, చెప్పి, చివరికి అన్నాడు.

"బాబాయ్, రేపు తెల్లారేసరికి పొన్నూరవతల ఉండాలి. నాకేం పాలుపోవట్లా. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

పానకాలరావు నెమ్మదిగా ఇటు తిరిగాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. అతనికి అన్నదమ్ములు లేరు, మాణిక్యమ్మకు అక్కచెల్లెళ్లు లేరు. అందువల్ల అతన్ని బాబాయ్ అని పిలిచినవాడు లేడు. ఏం చెయ్యమంటావని ఇంట్లో గానీ వీధిలో గానీ అడిగినవాడూ లేడు. ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నది కూడా, ఎవరో ఒకరు అడక్కపోతారా అన్న ఆశతోనే. ఇన్నాళ్లకు ఒకడు అడిగాడు.

అతను లేచి కూర్చుని, ఒక అరటిపండు ఒలుచుకుని, చాలాసేపు ఆలోచించాడు.

"అబ్బాయ్, పాత కారు కొన్న తెలుగోడు ముందెక్కడికి పోతాడు?"

"ఏ పెళ్లికో పోతాడు."

"అదీ! మాన్యువల్‌లో శుభకార్య పరీక్ష అని ఒకటుంది. బండి పెళ్లికి పనికొస్తదా రాదా అని బాబాయి సొంతంగా ఏదో ఒక పెళ్లికి తీసుకుపోయి చూడొచ్చు. ఎవురి అనుమతీ అక్కర్లా. మమ్మల్ని పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు లేక ఇంతవరకూ ఎవురూ చెయ్యలేదు."

"మరి నువ్వు అలక మీద ఉన్నావు కదా బాబాయ్?"

"అలిగినోడు మాత్రం పెళ్లికి పోకుండా ఉంటాడా? పోయి, అక్కడ మూతి ముడుచుకుని కూర్చుంటాడు," అంది మాణిక్యమ్మ. ఆ మాటతో చట్టపరమైన చిక్కులన్నీ విడిపోయాయి.

చీకటితో సీలు విప్పి బయల్దేరారు. సైదులు నడుపుతున్నాడు. ముందు సీట్లో పానకాలరావు, ఇత్తడి బిళ్ల తళతళలాడుతోంది. వెనక బ్రహ్మయ్యా, అతని ఒళ్లో డోలూ, పక్కన శ్రుతిపెట్టెతో కాశిం బాబాయీ. అధికారి ముందు కూర్చున్నాడు కాబట్టి కాశిం బాబాయి అభిప్రాయాలన్నీ మింగుతూ కూర్చున్నాడు. బయల్దేరేముందు పానకాలరావు అలవాటు కొద్దీ నాలుగు తలుపుల్నీ ఒక్కొక్కటే శక్తి కొద్దీ ధబ్బున వేసి, తల వంచి విన్నాడు. నాలుగో తలుపు తను ఎక్కి కూర్చుని వేసుకున్నాడు. లోపలెక్కడో టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది.

"ఏందది?" అన్నాడు బ్రహ్మయ్య.

"మంచి ధబ్బే," అన్నాడు పానకాలరావు.

రాజహంస దారంతా నీళ్ల మీద పోయినట్టు పోయింది. తూరుపు తెల్లబడేసరికి పల్లెలో పందిరి ముందు ఆగింది. సైదులుకు ఆనందంతో ఒళ్లు పులకరించింది. వేళ ఉంది. ఇంకా వేళ ఉంది! తలుపు తీయబోయాడు. రాలేదు. పానకాలరావు తనది తీయబోయాడు. రాలేదు. వెనకవి రెండూ లోపల్నుంచి రాలేదు, బయట్నుంచి రాలేదు. ప్రభుత్వం వారం పాటు బాదిన తలుపులు ఆఖరి ధబ్బుకు తమ ఓపిక ముగించుకుని, నాలుగూ ఒకేసారి బిగుసుకుపోయాయి.

చిదానందమూర్తి గారు పట్టుపంచెతో ఎదురొచ్చారు. మేళాన్ని చూసి నవ్వబోయి, బండిని చూసి నవ్వు ఆపేశారు.

"సీలు వేసిన వాహనము! అలక సెలవులో ఉన్న ఉద్యోగి!"

"శుభకార్య పరీక్షండీ," అన్నాడు పానకాలరావు కిటికీలోంచి. మూతి మాత్రం ముడుచుకునే ఉంచాడు.

మూర్తి గారు ఆలోచించారు. రూలు ఉంది. రూలు ఉంటే ఆయన మాట్లాడలేరు. "సరే, దిగండి."

"తలుపులు రావట్లేదండీ."

"కిటికీలోంచి వస్తాంలే," అన్నాడు సైదులు ఒక కాలు పైకెత్తుతూ.

"వీల్లేదు! పరీక్షలో ఉన్న వాహనం నుండి ద్వారం గుండా తప్ప మరో మార్గమున దిగరాదు. నివేదిక చెల్లదు. తమరు నా ఇంటి పెళ్లికి వచ్చిన మేళం కాబట్టి నేను ఇంకా..."

"రెట్టింపు కఠినంగా ఉంటారు. తెలుసండీ," అన్నాడు సైదులు కాలు దించుతూ. పందిట్లో పురోహితుడు సూత్రం పళ్లెంలో పెట్టి అందరికీ చూపిస్తున్నాడు. ఎవరో వంటల దగ్గర్నుంచి గరిటె పట్టుకుని ఇటే వస్తున్నట్టు సైదులుకు కనిపించింది. వస్తున్నది వడ్డనవాడు, వడ్డన గరిటె.

అప్పుడు పెళ్లికూతురి తల్లి వర్ధనమ్మ గారు పందిట్లోంచి వచ్చారు. కారు చూశారు, లోపలున్న మేళాన్ని చూశారు, పట్టుపంచెలో రూలు చెబుతున్న భర్తను చూశారు.

"తాళి కట్టే వేళకి ఈ తలుపుల గోలేందండీ? దిగకూడదంటే దిగరు. బండి రాకూడదని ఉందా మీ రూల్లో?"

మూర్తి గారు నోరు తెరిచారు. ఎంత వెతికినా అలాంటి రూలు దొరకలేదు.

"అయితే తొయ్యండ్రా!" అన్నారు ఆవిడ పెళ్లికొడుకు స్నేహితుల్ని చూసి.

కుర్రాళ్లు కేకలేసుకుంటూ రాజహంసను తోశారు. పందిరి గుంజ ఒకటి పక్కకు ఒరిగింది, కుర్చీలు నాలుగు బోర్లాపడ్డాయి, తివాచీ మీదుగా కారు వచ్చి పెళ్లిపీటల ముందు ఆగింది. "గట్టిమేళం, గట్టిమేళం!" అన్నాడు పురోహితుడు. సైదులు కిటికీలోంచి నాదస్వరం బయటికి చాచి ఆనందభైరవి ఎత్తుకున్నాడు. వెనక సీట్లో బ్రహ్మయ్య డోలు మీద పడ్డాడు. మూసుకుపోయిన కారులో డోలు మోత రెట్టింపై రేకంతా అదిరి, అద్దాలు గిలగిల్లాడి, ఊరంతటికీ వినబడింది. కాశిం బాబాయి శ్రుతిపెట్టె నొక్కుతూ పైకి చూసి ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. అక్షింతలు పెళ్లికూతురి మీదా, పెళ్లికొడుకు మీదా, రాజహంస బానెట్ మీదా పడ్డాయి. సైదులు జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. తాళి పడింది, వేళకి పడింది, మేళంతో పడింది. వడ్డనవాడు గరిటె కిందికి దించి నోరు తెరుచుకుని విన్నాడు.

మెకానిక్కు వచ్చేదాకా వాళ్లకు భోజనాలు కిటికీల్లోంచే అందించారు. పెళ్లికొడుకు మేనత్త వచ్చి, వైశాఖంలో తన కూతురి పెళ్లికి ఇదే మేళం కావాలంది. అచ్చం ఇలాగే కారుతో సహా కావాలంది.

చిదానందమూర్తి గారు తాంబూలం నములుతూ వచ్చారు. కూతురి పెళ్లి జరిగిన సంతోషం ఆయన మొహంలో దాగడం లేదు. అయినా గొంతు సవరించుకున్నారు.

"పానకాలరావు గారూ, పరీక్షలో ఏమి తేలినది?"

"నాలుగు తలుపులూ రావట్లేదండీ."

మూర్తి గారి మొహం వికసించింది. "అనగా లోపము కనిపెట్టబడినది! మూల్యాంకనం సంపూర్ణమైనది. బండి యోగ్యమైనది." అక్కడే బానెట్ మీద అక్షింతలు పక్కకు ఊడ్చి, ధ్రువపత్రం మీద సంతకం చేసి, కిటికీలోంచి సైదులుకు ఇచ్చారు. మంచి బండిగా ఉన్నంతకాలం రాని కాగితం, చెడిపోయిన గంటకు చేతికొచ్చింది.

సైదులు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియక వెనక్కి తిరిగి బ్రహ్మయ్య వంక చూశాడు. బ్రహ్మయ్య రెండో లడ్డు తింటున్నాడు.

కాశిం బాబాయి ఇక ఆగలేకపోయాడు. ఇన్నాళ్ల హెచ్చరికా, శిక్షా, అధికారీ అన్నీ మర్చిపోయాడు.

"తలుపులు చూసుకోమని మొదటి రోజే చెప్పానా లేదా?" అన్నాడు.

అనధికార బాబాయితనం, అధికారి ఎదుట, రెండో తప్పు. పట్టుకుని కేసు రాయవలసిన బాధ్యత పానకాలరావుది. అతను వెనక్కి తిరిగి కాశిం బాబాయి వంక చూశాడు. తర్వాత చొక్కాకున్న ఇత్తడి బిళ్ల విప్పి, రెండు చేతులతో పట్టుకుని, ఆయనకిచ్చాడు.

కాశిం బాబాయి ఆ బిళ్లను తీసుకున్నాడు. వేలితో టకటకా కొట్టి, తల ఓ పక్కకు వంచి, ఆ చప్పుడు విన్నాడు. వెనక్కి తిప్పి చూసి "ఊఁ" అన్నాడు.

"నీకెవరు చెప్పారయ్యా," అన్నాడు పానకాలరావుతో, జాలిగా, "ఈ ఉద్యోగం చెయ్యమని?"